గొట్టం, ప్లగ్గు, కన్ను: బయట కొన్న ఇంజన్ కంప్యూటర్‌తో స్మాగ్ చెక్

(కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, పాత కార్ల సరదా ఉన్న తెలుగువాళ్లు కొందరు శనివారం కలిసినప్పుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటినే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇక్కడున్నవాళ్లలో సగంమంది నాకు తెలుసు. మీరు అడగబోయేదీ తెలుసు. "అన్నా, నా మియాటాకి మెగాస్క్విర్ట్ పెడదామనుకుంటున్నా, స్మాగ్ పాసవుతుందా?" మియాటా అంటే మాజ్డా వాళ్ల చిన్న స్పోర్ట్స్ కారు, మెగాస్క్విర్ట్ అంటే కంపెనీ కంప్యూటర్ బదులు పెట్టుకునే ఇంజన్ కంప్యూటర్, స్మాగ్ అంటే కాలిఫోర్నియాలో బళ్లకి చేసే కాలుష్య పరీక్ష. ఈ ప్రశ్న ఎవరడిగినా నేను తిరిగి రెండు అడుగుతాను. బండి ఏ సంవత్సరంది? ఏ రాష్ట్రంలో రిజిస్టరైంది? ఈ రెండూ తేలకుండా ట్యూనింగ్ గురించి, అంటే కంప్యూటర్‌లో పెట్రోలు, టైమింగ్ అంకెలు సర్దడం గురించి, ఎంత మాట్లాడుకున్నా దండగే.

ఎందుకంటే స్మాగ్ చెక్ అని ఒక్క పేరుతో పిలుస్తాం గానీ అందులో మూడు పరీక్షలున్నాయి. పొగ గొట్టంలో ప్రోబ్ పెట్టి వాయువులు కొలిచేది ఒకటి. డ్యాష్‌బోర్డు కింద ప్లగ్గు గుచ్చి కంప్యూటర్‌ని అడిగేది రెండోది. బానెట్ ఎత్తి కంటితో చూసేది మూడోది. గొట్టం పరీక్షని మంచి ట్యూనింగ్‌తో నెగ్గొచ్చు. ప్లగ్గు పరీక్షని ట్యూనింగ్‌తో నెగ్గలేరు. కంటి పరీక్షకి కావాల్సింది కాగితం. మన కుర్రాళ్లు నెలల తరబడి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మొదటిదానికి తయారవుతారు, తీరా వెళ్లాక మూడోదాని దగ్గర తన్నించుకుంటారు.

ముందు కాలిఫోర్నియా లెక్క చెప్పేస్తాను. పెట్రోలు బండి 1975 మోడల్, అంతకన్నా పాతది అయితే స్మాగ్ చెక్ లేదు. 1976 నుంచి 1999 దాకా గొట్టం పరీక్ష ఉంది. నగర ప్రాంతాల్లో దాదాపు అన్నిచోట్లా రోలర్ల మీద నడిపించే చేస్తారు. అందులో 1996 నుంచి 1999 వరకు వచ్చిన బళ్లకి గొట్టంతో పాటు ప్లగ్గు కూడా. 2000 నుంచి వచ్చినవాటికి గొట్టం జోలికే పోరు, ప్లగ్గు ఒక్కటే. కంటి పరీక్ష మాత్రం అందరికీ. 1996 ఎందుకంటే, ఆ మోడల్ సంవత్సరం నుంచే అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ ఓబీడీ-2, అంటే బండి తన కాలుష్య సామానుని తానే పరీక్షించుకునే ఏర్పాటు, తప్పనిసరి చేశారు.

గొట్టంతో మొదలుపెడదాం. నాకు ఇష్టమైన భాగం ఇదే, ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను, ఏమీ అనుకోకండి.

1943 జూలైలో లాస్ ఏంజిలిస్‌ని కళ్లు మండే పొగ కమ్మేసింది. యుద్ధ రోజులు కదా, జపాన్ వాళ్లు విషవాయువు వదిలారేమోనని జనం హడలిపోయారు. అసలు సంగతి తేల్చింది కాల్‌టెక్‌లో ఆరీ హాగన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త. ఆయన అప్పటిదాకా అనాసపండుకి ఆ రుచీ వాసనా ఎక్కణ్ణించి వస్తాయా అని చూస్తున్న మనిషి. 1950ల మొదట్లో ఆయన చెప్పింది ఏమిటంటే, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిస్తే ఓజోన్, దాంతో పాటు మన కళ్లు మండించే సరుకులు పుడతాయి అని. 1968లో కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డుకి మొదటి చైర్మన్ కూడా ఆయనే. మనం కార్బ్ అని పిలుచుకునే ఆఫీసు అదే. గొట్టం దగ్గర మిషన్ హైడ్రోకార్బన్లనీ నైట్రిక్ ఆక్సైడ్‌నీ కొలవడానికి మూలం ఈ కథ. కార్బన్ మోనాక్సైడ్ సంగతి వేరు, అది నేరుగా మనిషిని చంపేది.

ఈ మూడూ ఎప్పుడు పెరుగుతాయో తెలిస్తే మీ చేతిలోని రిపోర్టు కాగితమే మెకానిక్ అవుతుంది. పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ అయితే, అంటే రిచ్‌గా నడిస్తే, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. సిలిండర్‌లో మంట అంటుకోకపోతే హైడ్రోకార్బన్లు పెరుగుతాయి. మంట బాగా వేడెక్కి, పక్కన మిగులు ఆక్సిజన్ కూడా ఉంటే నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుంది. కాబట్టి కాగితం మీద కార్బన్ మోనాక్సైడ్ దాదాపు సున్నా ఉండి, నైట్రిక్ ఆక్సైడ్ మాత్రం హద్దు దాటిందంటే బండి కాస్త లీన్‌గా, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువగా నడుస్తోంది, లేదా ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్కు పడే క్షణం, ముందుకి ఎక్కువ జరిగింది. కార్బన్ మోనాక్సైడ్ తక్కువ, ఆక్సిజన్ ఎక్కువ, హైడ్రోకార్బన్లు ఎక్కువ అయితే మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో మంట అంటుకోవట్లేదు. స్పార్కు ప్లగ్గులు, వైర్లు, కాయిల్ చూసుకోండి.

మిస్‌ఫైర్‌లో ఒక మాయ ఉంది. అంటుకోని సిలిండర్ నుంచి వాడని ఆక్సిజన్ కూడా బయటికొస్తుంది కదా. ఎగ్జాస్ట్‌లో ఉండే ఆక్సిజన్ సెన్సర్‌కి కనపడేది ఆక్సిజన్ మాత్రమే, పెట్రోలు కనపడదు. "బాబోయ్ లీన్‌గా ఉంది" అనుకుని కంప్యూటర్ అన్ని సిలిండర్లకీ పెట్రోలు పెంచుతుంది. దాంతో కార్బన్ మోనాక్సైడ్ కూడా లేస్తుంది. అప్పుడు మనవాడు ఫ్యూయల్ టేబుల్‌లో, అంటే ఎంత పెట్రోలు పోయాలో చెప్పే పట్టికలో, అంకెలు తగ్గిస్తూ కూర్చుంటాడు, సెన్సర్ మళ్లీ పెంచుతూ ఉంటుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర చిన్న లీకు ఉన్నా ఇదే తంతు. అందుకే కంప్యూటర్ మార్చాక ఫెయిలైందంటే ముందు ల్యాప్‌టాప్ మూసేసి స్పార్కు ప్లగ్గు ఊడదీయమంటాను.

ఇక క్యాటలిస్ట్, అంటే ఎగ్జాస్ట్ గొట్టంలో పొగని శుభ్రం చేసే డబ్బా. అసలు పరీక్ష పాసయ్యేది అదే, కంప్యూటర్ కాదు. ఇంజన్ నుంచి వచ్చే మూడు వాయువుల్లో ఎక్కువ భాగాన్ని అది శుభ్రం చేస్తుంది, రెండు షరతుల మీద. మొదటిది వేడి. 250, 300 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ పని మొదలుపెట్టదు. రెండోది మిశ్రమం కచ్చితంగా లాంబ్డా 1 దగ్గర ఉండాలి. అంటే పెట్రోలు మొత్తం కాలడానికి ఎంత గాలి కావాలో అంతే. స్వచ్ఛమైన పెట్రోలుకి అది 14.7కి 1. మన పంపుల్లో దొరికే పది శాతం ఇథనాల్ పెట్రోలుకి 14.1 దగ్గర. అందుకే గేజిలో 14.7 కనపడాలని తాపత్రయపడకండి, లాంబ్డాలో చూసుకోండి.

లాంబ్డా 1 మీద కదలకుండా నిలబడక్కర్లేదు. కాస్త అటూ ఇటూ ఊగుతుంటేనే నయం. క్యాటలిస్ట్‌లో సీరియం ఆక్సైడ్ ఉంటుంది. మిశ్రమం లీన్ అయినప్పుడు ఆక్సిజన్‌ని పట్టి దాచుకుంటుంది, రిచ్ అయినప్పుడు తీసి ఇస్తుంది. జీతం మిగిలిన నెలలో పోపులడబ్బాలో దాచి, చాలని నెలలో తీసి సర్దే ఇల్లాలి లెక్క. కంపెనీ కంప్యూటర్లు ఆ ఊపుని సెకనుకి ఒకటీ అరా సార్లు తెప్పిస్తాయి. రిచ్చా లీనా అని మాత్రమే చెప్పే పాత నారో బ్యాండ్ సెన్సర్ వోల్టేజీ 0.1కీ 0.9కీ మధ్య ఎగిరిపడుతూ ఉండటం స్క్రీన్ మీద చూసే ఉంటారు. 1976లో వోల్వో 240 బళ్లు కాలిఫోర్నియాకి మొదటిసారి ఈ సెన్సర్‌తో వచ్చాయి, బాష్ వాళ్లు చేసిన సెన్సర్. దాన్ని లాంబ్డా సాండ్ అనేవాళ్లు. ఇప్పటికీ పునాది అదే.

మరి బయట కొన్న కంప్యూటర్ ఎక్కడ దెబ్బతింటుంది?

మెగాస్క్విర్ట్‌నే తీసుకుందాం. బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు మొదలుపెట్టారు, 2000ల మొదట్లో. కిట్టు కొనుక్కుని సోల్డరింగ్ చేసుకుని ఎవరైనా తయారుచేసుకోగలిగేది. ఇప్పుడు ఆర్డునో మీద నడిచే స్పీడుయినో కూడా ఉంది. మొదటి తరం మియాటా 1.6లో కంపెనీ పెట్టిన రేకు తలుపు ఎయిర్‌ఫ్లో మీటర్ ఉంటుంది, గాలి తోసుకుంటూ వెళ్లాలి. టర్బో పెట్టేవాడికి అది అడ్డం. మెగాస్క్విర్ట్‌కి ఆ మీటర్ అక్కర్లేదు. మానిఫోల్డ్‌లో, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో, పీడనం, గాలి వేడి, ఆర్‌పీఎం చూసి, ఒక పట్టికలో అంకె చదివి పెట్రోలు ఎంత పోయాలో లెక్కేసుకుంటుంది. పట్టిక సాధారణంగా 16 అడ్డం, 16 నిలువు. 256 గళ్లు.

ఇప్పుడు రోలర్ల మీద పరీక్ష ఎలా జరుగుతుందో చూడండి. రెండు మెట్లు. గంటకి 15 మైళ్ల వేగంతో కాస్త ఎక్కువ బరువు మీద, తర్వాత 25 మైళ్లతో కాస్త తక్కువ బరువు మీద. మియాటా అయితే రెండో గేరులో 15 మైళ్ల దగ్గర ఇంజన్ 1800 ఆర్‌పీఎం చుట్టూ ఉంటుంది. 25 దగ్గర అదే గేరులో 3000. లోడ్ సగానికి అటూ ఇటూ. 256 గళ్లలో ఈ రెండు మెట్లూ తాకేది ఓ డజను. మన కుర్రాళ్లు 7000 ఆర్‌పీఎం దగ్గర ఫుల్ బూస్ట్ గళ్లు చెక్కుతూ రాత్రంతా కూర్చుంటారు గానీ, 1800 దగ్గర గళ్లు ఎవరో పంపిన బేస్ మ్యాప్‌లోవే, అంటే మొదట ఎక్కించుకునే పట్టికలోవే, అలాగే ఉంటాయి. ఊళ్లో రోజూ నడిపేది ఆ గళ్లలోనే. పరీక్ష లేకపోయినా ముందు చక్కదిద్దాల్సింది అవే.

ఇంకొన్ని సెట్టింగులు చెప్తాను, రాసుకోవాలంటే రాసుకోండి. క్లోజ్డ్ లూప్, అంటే సెన్సర్ చూసి సరిదిద్దుకునే పని, చాలా బేస్ మ్యాపుల్లో ఆర్‌పీఎం బాగా లేచాకే మొదలవుతుంది. పరీక్ష జరిగే చోట అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్. పెడల్ తొక్కగానే ఒక గుక్క పెట్రోలు అదనంగా పోస్తుంది కదా, ఆ సున్నితత్వం ఎక్కువ పెట్టారనుకోండి, రోలర్ల మీద వేగం సూది నిలబెట్టడానికి టెస్టరు కాలు కాస్త వణికినా ప్రతిసారీ ఒక గుక్క పడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఎగిరెగిరి పడుతుంది. మీరేమో "ట్యూన్ బాగానే ఉందే" అని జుట్టు పీక్కుంటారు. రోడ్డు మీద లాగ్ తీసి, పెడల్ స్థిరంగా ఉన్నప్పుడు అది ఎన్నిసార్లు పలుకుతోందో చూసుకోండి.

పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేసినవాళ్లకి ఐడిల్ దగ్గర, అంటే బండి ఆగి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, ఇంకో తలనొప్పి. ఇంజెక్టర్‌కి కరెంటు అందాక తెరుచుకోవడానికి మిల్లీసెకను దాకా పడుతుంది. బ్యాటరీ వోల్టేజీ తగ్గితే ఇంకా ఆలస్యం. ఆ ఆలస్యం అంకె తప్పుగా పెడితే ఇంటి దగ్గర బాగానే ఉన్న ఐడిల్, పరీక్ష దగ్గర రేడియేటర్ ఫ్యాను, లైట్లు కలిసి వోల్టేజీ లాగేసరికి లీన్ అయిపోతుంది, హైడ్రోకార్బన్లు లేస్తాయి. బల్ల మీద పెట్టి కొలిచి చూడాల్సిన అంకె అది, ఊహించాల్సింది కాదు.

వార్మప్ ఎన్‌రిచ్‌మెంట్ పట్టికలో ఇంజన్ పూర్తిగా వేడెక్కిన గడిలో అదనం సున్నాకి రావాలి. వినడానికి సిల్లీగా ఉంటుంది. కానీ థర్మోస్టాట్ కాస్త ముందే తెరుచుకునే బండి అయితే వేడి ఆ గడి దాకా ఎప్పటికీ చేరదు, ఇంజన్ జన్మంతా నాలుగైదు శాతం రిచ్‌గానే తిరుగుతుంది. ఇంకోటి, టెస్టరు బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తాడు. స్టార్ట్ అవగానే కాసేపు అదనపు పెట్రోలు పోసే సెట్టింగు మళ్లీ మొదటి నుంచీ నడుస్తుంది. వేడి ఇంజన్‌కి అది కొద్ది క్షణాల్లో ముగిసేలా పెట్టుకోండి.

డెన్వర్‌లో మా బావమరిది కథ చెప్పాలి. వాడి దగ్గర 1991 మియాటా ఉంది, మెగాస్క్విర్ట్‌తోనే కొన్నాడు. సముద్ర మట్టం దగ్గర ఎవరో ట్యూన్ చేసిన బండి. డెన్వర్ ప్రాంతంలో పాత బళ్లకి ఐఎం-240 అనే పరీక్ష ఉంటుంది. 240 సెకన్ల పాటు రోలర్ల మీద స్క్రీన్‌లోని గీత వెంట వేగం పెంచుతూ తగ్గిస్తూ నడపాలి, వేగం గంటకి 57 మైళ్ల దాకా వెళ్తుంది, ఫలితం మైలుకి ఇన్ని గ్రాములని వస్తుంది. వాడిది కార్బన్ మోనాక్సైడ్ చాలా బాగా వచ్చింది, నైట్రోజన్ ఆక్సైడ్లు హద్దు దాటాయి. ఫోన్ చేసి క్యాటలిస్ట్ కొత్తది కొననా అని అడిగాడు. ఆగరా అన్నాను. డెన్వర్ మైలు ఎత్తులో ఉంది, సుమారు 1600 మీటర్లు. మన దగ్గర గాలి పీడనం 101 కిలోపాస్కల్స్ అయితే అక్కడ 83 చిల్లర. ఎగ్జాస్ట్ గొట్టం చివర ఎదురొత్తిడి తక్కువ కాబట్టి మానిఫోల్డ్‌లో పీడనం అంతే ఉన్నా సిలిండర్‌లోకి గాలి కాస్త ఎక్కువ దూరుతుంది. దానికి సరిపడా పెట్రోలు పెంచే బారోమీటర్ కరెక్షన్ వాడి బండిలో ఆపేసి ఉంది. మామూలుగా నడిపేటప్పుడు సెన్సర్ సర్దేస్తోంది. వేగం మారుతున్నప్పుడు మాత్రం సర్దడం వెనకబడి ప్రతిసారీ కాసేపు లీన్. కరెక్షన్ ఆన్ చేశాడు, టైమింగ్ ఆ ప్రాంతంలో రెండు డిగ్రీలు వెనక్కి తీశాడు, పాసయ్యాడు. క్యాటలిస్ట్ డబ్బులు మిగిలాయి. నాకు ఆ ఏడు సంక్రాంతికి ఒక చొక్కా వచ్చింది.

ఆ కరెక్షన్‌లోనే ఒక గొయ్యి ఉంది. చాలా బోర్డుల్లో బయటి గాలి పీడనాన్ని తాళం తిప్పిన క్షణంలో, ఇంజన్ తిరక్కముందు, మానిఫోల్డ్ సెన్సర్‌తోనే చదువుతారు. నడుస్తుండగా వైరింగ్ లూజై కంప్యూటర్ ఒక్క క్షణం రీసెట్ అయిందనుకోండి, అప్పుడు మానిఫోల్డ్‌లో ఉండేది వాక్యూమ్. దాన్నే బయటి పీడనం అనుకుంటుంది. బండి హిమాలయాల మీద ఉందనుకుని పెట్రోలు లెక్క మార్చేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో పీడనానికి కింది హద్దు, పై హద్దు పెట్టే చోటుంది. మీరుండే ఊరికి తగ్గట్టు బిగించి పెట్టండి.

అదే బావమరిది బండిని రేపు ఇక్కడికి తెస్తే గొట్టం దగ్గర పాసై, కంటి దగ్గర ఫెయిలవుతుంది. అక్కడికే వస్తున్నా.

కాలిఫోర్నియాలో టెస్టరు బానెట్ ఎత్తగానే చూసేది, కంపెనీ ఇచ్చిన కాలుష్య నియంత్రణ సామాను అంతా ఉందా, మార్చినదేదైనా ఉంటే దానికి కార్బ్ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉందా అని. ఇంజన్ కంప్యూటర్ కూడా ఆ సామానులో భాగమే. వెహికల్ కోడ్ 27156 సెక్షన్ అదే చెప్తుంది. ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అంటే, ఈ వస్తువు ఈ మోడల్ బండిలో పెడితే కాలుష్యం పెరగదని తయారీదారు పరీక్షలు చేయించి కార్బ్ నుంచి తెచ్చుకునే అనుమతి. స్టిక్కర్ మీద నంబరు ఉంటుంది, కార్బ్ వెబ్‌సైట్‌లో వెతుక్కోవచ్చు. కొన్ని సూపర్‌చార్జర్ కిట్లకి, వాటితో వచ్చే కంట్రోలర్‌తో కలిపి, ఈ నంబర్లు ఉన్నాయి. ఖాళీ బోర్డు కొనుక్కుని మనమే మ్యాప్ రాసుకునే కంప్యూటర్‌కి అది రావడం కష్టం. ఎందుకో ఆలోచించండి. రేపు మీరు అందులో ఏ అంకె మారుస్తారో కార్బ్‌కి ఏం తెలుసు? బాక్సు మీద చిన్న అక్షరాల్లో "రేసింగ్ వాడకానికి మాత్రమే" అని రాసి ఉండేది అందుకే. గొట్టంలో గాలి మన పల్లెటూరి పొలం గాలిలా ఉన్నా సరే, నంబరు లేకపోతే ఫెయిల్. ఇది అన్యాయం అనేవాళ్లున్నారు. నాకూ కొంత అలాగే అనిపిస్తుంది, శుభ్రంగా నడిచే పాత బండికి ఒక దారి ఉండాలి. కానీ ఉన్న రూలు ఇది.

కంటి పరీక్షతో పాటు చేతి పరీక్ష ఒకటి ఉంటుంది. పెట్రోలు మూత, ఆవిరి లీకు, బేస్ టైమింగ్. మియాటా 1.6లో డయాగ్నస్టిక్ డబ్బాలో టెన్, గ్రౌండ్ అనే రెండు పిన్నులు వైరుతో కలిపితే కంపెనీ కంప్యూటర్ టైమింగ్‌ని 10 డిగ్రీల దగ్గర కట్టేస్తుంది, టెస్టరు లైటు పెట్టి పుల్లీ మీద గీత చూస్తాడు. బయటి కంప్యూటర్‌కి ఆ రెండు పిన్నులు ఏంటో తెలియదు. గీత ఎగురుతూనే ఉంటుంది. టెస్టరుకి ఇంకేం చెప్పక్కర్లేదు. ఆవిరి పట్టే డబ్బా, అదే చార్‌కోల్ క్యానిస్టర్, అందులోని ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు సంగతీ అంతే. కొత్త కంప్యూటర్ పెట్టినవాళ్లలో చాలామంది ఆ వైరు కలపనే కలపరు. పెట్రోలు ఆవిరి గాలిలోకే పోతుంది, హాగన్-స్మిట్ గారు చెప్పిన మొదటి సరుకు అదే మరి.

ఇక ప్లగ్గు. ఇది త్వరగా ముగిస్తాను, చెప్పడానికి పెద్దగా ఆశ లేదు కాబట్టి. ఓబీడీ-2 బండి తనని తాను పరీక్షించుకుంటూ ఉంటుంది. క్యాటలిస్ట్ పనిచేస్తోందా, ఆక్సిజన్ సెన్సర్ చురుగ్గా ఉందా, ఆవిరి లీకవుతోందా అని. వీటిని మానిటర్లంటారు. టెస్టరు మిషన్ అడిగేది వాటినే: పూర్తయ్యాయా, లేదా. కాలిఫోర్నియాలో 1996–99 పెట్రోలు బండికి ఒకటి పూర్తికాకపోయినా ఒప్పుకుంటారు, 2000 నుంచి వచ్చినవాటికి ఆవిరి మానిటర్ ఒక్కటే మినహాయింపు. బయటి కంప్యూటర్లలో కొన్ని ఓబీడీ భాషలో ఆర్‌పీఎం, వేడి లాంటివి ఫోన్ యాప్‌కి చెప్పగలవు. అంతమాత్రాన మానిటర్లు నడుపుతున్నట్టు కాదు. నడపకుండా "పూర్తయింది" అని చెప్పించడం ట్యూనింగ్ కాదు, మోసం. దాని గురించి నా దగ్గర సలహా లేదు.

రీఫ్లాష్ చేస్తే, అంటే కంపెనీ కంప్యూటర్‌లోనే సాఫ్ట్‌వేర్ తిరగరాస్తే, ఏం తెలుస్తుందిలే అనుకునే కాలం కూడా పోయింది. కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్‌కి కాలిబ్రేషన్ ఐడీ, దాని మీద లెక్కేసిన చెక్‌సమ్ అనే సరిచూసే అంకె ఉంటాయి. 2021 జూలై నుంచి కాలిఫోర్నియా స్టేషన్లలో మిషన్ ఆ రెండింటినీ చూస్తుంది. కంపెనీదీ కాక, కార్బ్ అనుమతి ఉన్నదీ కాక వేరేది కనపడితే ఫెయిల్. పరీక్ష రోజుకి ఒక మ్యాప్, రోడ్డుకి ఒక మ్యాప్ పెట్టుకుందాం అనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఫోక్స్‌వ్యాగన్‌ని గుర్తు చేసుకోండి. స్టీరింగ్ కదలట్లేదు కాబట్టి రోలర్ల మీదున్నాం అని వాళ్ల సాఫ్ట్‌వేర్ కనిపెట్టి, అప్పుడు మాత్రమే కాలుష్యం తగ్గించేది. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు కొలిచే పరికరాన్ని డిక్కీలో పెట్టుకుని, లాస్ ఏంజిలిస్ నుంచి సియాటిల్ దాకా వాళ్ల పాసాట్ కారు నడిపి మరీ పట్టేశారు. ఆ జట్టులో మన చెన్నై వైపు నుంచి వెళ్లిన అరవింద్ తిరువెంగడం కూడా ఉన్నాడు. 2015 సెప్టెంబరులో సంగతి బయటపడింది, ప్రపంచమంతా కోటీ పది లక్షల బళ్లు.

సరే, ప్రశ్నలు అడగండి.

(ప్రశ్న: కంపెనీ కంప్యూటర్ తీసిన చోటే నేరుగా గుచ్చేసే ప్లగ్ అండ్ ప్లే బోర్డులు వస్తున్నాయి కదా అన్నా. పరీక్షకి ముందు కంపెనీ కంప్యూటర్ పెట్టి, తర్వాత మార్చుకుంటే?)

చాలామంది చేస్తారు, నాకు తెలియదని బుకాయించను. పావుగంట పని. కానీ చట్టం బండి రోడ్డు మీద ఎలా తిరుగుతోందని చూస్తుంది, ఆ ఒక్క రోజు ఎలా ఉందని కాదు. చట్టం పక్కన పెట్టినా, 1996 నుంచి వచ్చిన బండిలో అలా మారిస్తే మానిటర్లన్నీ చెరిగిపోతాయి. మళ్లీ పూర్తవ్వాలంటే రాత్రంతా చల్లారిన ఇంజన్‌తో మొదలుపెట్టి, ట్యాంకు మరీ నిండుగా గానీ మరీ ఖాళీగా గానీ లేకుండా చూసుకుని, కొన్నాళ్లు తిప్పాలి. పెద్ద ఇంజెక్టర్లు వేసుంటే అవీ మార్చాలి, కంపెనీ కంప్యూటర్‌కి అవి పడవు. నేనైతే రెండు బళ్లు పెట్టుకున్నాను. 1992 మియాటా కంపెనీ కంప్యూటర్‌తో రోడ్డుకి. మెగాస్క్విర్ట్ ఉన్నది ట్రాక్‌కి, ట్రైలర్ మీద వెళ్తుంది, దానికి నంబరు ప్లేటే లేదు.

(ప్రశ్న: నాది 1973 డాట్సన్ 240జెడ్. కార్బ్యురేటర్లు తీసేసి ఇంజెక్షన్ పెట్టుకోవచ్చా?)

నీకు స్మాగ్ చెక్ లేదు నాయనా, అదృష్టవంతుడివి. ఇందాకటి 27156 సెక్షన్ అక్షరాలా చదివితే ఆ బండికి కంపెనీ ఇచ్చిన నియంత్రణ సామాను పీకేయకూడదు, అది మాత్రం ఉంచు. మిశ్రమం ఎంతో అంకెలో చెప్పే వైడ్ బ్యాండ్ సెన్సర్ పెట్టి, తీరిగ్గా నడిపేటప్పుడు లాంబ్డా 1 దగ్గర ఉండేలా చూసుకో. ఆ కార్బ్యురేటర్ల కన్నా శుభ్రంగానే నడుస్తుంది, వెనకాల వచ్చేవాడు నిన్ను తిట్టుకోడు.

(ప్రశ్న: హైదరాబాద్‌లో మా తమ్ముడు పాత మారుతి జెన్‌కి ఇలాంటిదే పెడదామంటున్నాడు. అక్కడ పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుందా?)

సర్టిఫికెట్ ఇచ్చే వ్యాన్‌లో చూసేది ఐడిల్ మీద పొగ గొట్టమే కాబట్టి ఐడిల్ సరిగ్గా ఉంటే కాగితం రావచ్చు. అసలు చిక్కు వేరేచోట ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సర్టిఫికెట్ ఉందంటే ఆర్‌టీవో ఒప్పుకున్నట్టు కాదు. తమ్ముడికి అది చెప్పండి.

(ప్రశ్న: మేం వచ్చే నెల టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి ఇక్కడికి మారుతున్నాం. 2004 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్, ట్యూన్ చేసింది. అక్కడ ఏ ఇబ్బందీ రాలేదు.)

టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు బళ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల కౌంటీల్లో కాలుష్య పరీక్ష మాత్రం ఇంకా ఉంది. ఫ్రిస్కో ఉన్న కాలిన్, డెంటన్ రెండూ అందులోవే. అక్కడ ప్లగ్గు గుచ్చి మానిటర్లు, చెక్ ఇంజన్ లైటు చూసి పంపేస్తారు, ట్యూన్ ఎవరిదని మన వాళ్లలా గుచ్చి గుచ్చి అడగరు. ఇక్కడ రిజిస్టర్ చేయించాలంటే స్మాగ్ చెక్ కావాలి, చెక్‌సమ్ దగ్గర దొరికిపోవచ్చు. ట్యూన్ చేసినవాళ్ల దగ్గర కంపెనీ ఫైలు ఉంటే ఇప్పుడే తిరిగి రాయించేయండి. ఎగ్జాస్ట్‌లో క్యాటలిస్ట్ మార్చారా? మార్చుంటే దాని మీద కార్బ్ నంబరు ఉందో లేదో బండి కింద దూరి ఫోటో తీయండి. లేకపోతే మీ బండి నుంచి తీసిన కంపెనీ క్యాటలిస్ట్ దొరికితే అక్కడే బిగించుకుని రండి, ఇక్కడ కార్బ్ నంబరున్న క్యాటలిస్ట్ ధర వింటే కళ్లు తిరుగుతాయి. ఫైలు తిరిగి రాయిస్తే మానిటర్లు చెరిగిపోతాయి, కాబట్టి ఆ తర్వాత ట్రక్కు మీద వేసి పంపకుండా డాలస్ నుంచి మీరే నడుపుకుంటూ వచ్చేయండి. దారిలో ఒకట్రెండు రాత్రులు ఆగుతారు కాబట్టి ఇంజన్ పూర్తిగా చల్లారి మళ్లీ మొదలవుతుంది, హైవే మీద నిలకడ వేగం దొరుకుతుంది. ఇక్కడికి చేరేసరికి మానిటర్లలో చాలా వరకు పూర్తయి ఉంటాయి. ట్యాంకు మాత్రం సగం దగ్గర ఉంచుకోండి.